లోవమ్మ దాచిన ప్రయాణం

కళ్లు మూసుకుని తడిమినా ఏ చేపో చెప్పేస్తుంది లోవమ్మ. పట్టిసీమ రేవులో నలభై ఏళ్లు చేపలమ్మిన చెయ్యి అది. ఇప్పుడు ఆ చెయ్యి వారం వారం రేవులో కడుపుతో ఉన్న ఏదో ఒక పిల్లని పట్టుకుని ఆరోగ్య కేంద్రానికి నడిపిస్తుంది.

నిరుడు వరద తీశాక కొడుకు దుర్గాసాయి ఏటి పైకి, పాపికొండల వైపు చేపల వేటకెళ్తూ, వండిపెట్టడానికి పెళ్లాం లక్ష్మీదుర్గని తీసుకెళ్లాడు. ఇసుకతిప్ప మీద నెలరోజులు పాక వేసుకున్నారు. కడుపు సంగతి అక్కడికెళ్లాకే తెలిసింది. కడుపుతో ఉన్న మనిషి పడవెక్కితే గంగమ్మకి కోపమని రేవులో పట్టింపు. ఆ పడవతో ఎవరూ జంటగా వల వెయ్యరు. అందుకే తిరిగొచ్చాక ఇంటిల్లిపాదీ నోరు మెదపలేదు. పుట్టింటికెళ్లిందని చెప్పారు.

ఐదో నెల పరీక్షకి వెళ్లిన రోజే కోడలికి ఒళ్లు వెచ్చబడింది. నర్సు శ్యామలాంబ కార్డు తీసింది.

"ఏమ్మా, ఈమధ్య పైన మన్యం వైపు గానీ వెళ్లావా?"

లక్ష్మీదుర్గ అత్త మొహం చూసింది. పక్క బెంచీ మీద అచ్చిబాబు పెళ్లాం ఉంది. దుర్గాసాయితో జంటగా వల వేసేది అచ్చిబాబే.

"ఎక్కడికెళ్తాదండీ! పుట్టింటి నుంచొచ్చాక గుమ్మం దాటనిస్తేనా నేను?" అంది లోవమ్మ.

"కోడల్ని కోడిపెట్టలాగ గంప కింద మూసేసినట్టున్నావే అత్తా!" అని నవ్వింది అచ్చిబాబు పెళ్లాం.

"మూస్తాను మరి. నా మనవడే లోపలున్నది."

నర్సు కూడా నవ్వి జ్వరం బిళ్లలిచ్చింది. "రెండ్రోజుల్లో తగ్గకపోతే తీసుకురండి, రక్తం చూద్దాం" అంది.

ఆ జ్వరం మాయదారిది. ఒకరోజు మంచం అదిరేలా వణికించేది, మర్నాడు చల్లగా వదిలేసేది. వదిలిన రోజల్లా తగ్గిపోయిందనుకుంది లోవమ్మ. తొమ్మిదో రోజున కోడలు స్పృహ తప్పింది. రాజమండ్రి తీసుకెళ్లే ఆటోలోంచే లోవమ్మ నర్సుకి ఫోన్ చేసింది. "అబద్ధం చెప్పానండి. పడవెక్కిందండి. పైకెళ్లిందండి." మలేరియా అని తేలింది. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు. మగపిల్లాడు.

లంకలో పూడ్చడానికి పడవ కావలసి వచ్చింది. పిలవకుండానే అచ్చిబాబు వచ్చి తెడ్డు పట్టాడు. ఏటి మధ్యకి వెళ్లాక అన్నాడు.

"ముందే చెప్తే ఏమయ్యేది పిన్నీ? పడవ కడిగి, పసుపు రాసి, గంగమ్మకి ఓ కొబ్బరికాయ కొట్టేవాళ్లం. అంతే కదా."

లోవమ్మ ఒళ్లో ఉన్న తువ్వాలు మూటని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

ఇప్పుడు శ్యామలాంబ కార్డు తియ్యకముందే లోవమ్మ చెప్పేస్తుంది: "ఈ పిల్ల పడవెక్కిందండి, పైకెళ్లొచ్చింది. రక్తం చూడండి." బెంచీ మీద ఎవరున్నా సరే, గట్టిగానే చెబుతుంది.

ఇంట్లో లక్ష్మీదుర్గ అత్తకి అన్నం పెడుతుంది, కాళ్లు నొప్పులంటే కాపడం పెడుతుంది. కానీ ఎవరేం అడిగినా జవాబు తనే చెబుతుంది. అత్త మొహం వైపు చూడదు.