కంగ్టిలో తొంభై రెండుసార్లు తెరిచిన మెయిల్

ఆ డాష్‌బోర్డును మొదటిసారి చూసినప్పుడు కరెంటు మీటర్ బొమ్మ కాబోలనుకున్నాను. గుండ్రటి బొమ్మలు, ఎక్కుతూ దిగుతూ ఒక ఆకుపచ్చ గీత, పక్కన అంకెలు. రెండువేల పన్నెండు ప్రాంతం. నారాయణఖేడ్‌లో మా కంప్యూటర్ శిక్షణ కేంద్రం మేడమ్ ఇంటి ముందరి రెండు గదుల్లో నడిచేది. కేంద్రం ఆమెది, బోర్డు మీది పేరు హైదరాబాదులోని ఒక సంస్థది, మాస్టర్ని నేను. పదకొండు కంప్యూటర్లలో ఆరు లేచేవి. ఏడోది కర్ణాటక వైపు మబ్బు పడితేనే లేచేది. నమ్మకపోతే మేడమ్‌ని అడగండి. ఆమె కూడా నమ్మదు.

పాత విద్యార్థులకూ, వివరాలడిగి వెళ్లినవాళ్లకూ సోమవారం సోమవారం మెయిల్ పంపాలని హెడ్డాఫీసు హుకుం. కొత్త బ్యాచీ ఎప్పుడు, టాలీ కోర్సు ఎన్ని వారాలు, అలాంటివి. ఎందరికి పోయింది, ఎందరు తెరిచారు, లోపలి లింకును ఎందరు నొక్కారు అన్నది డాష్‌బోర్డు చెబుతుంది. అక్కడి ఆఫీసరమ్మ అది చూసి ఫోన్ చేసేది.

"మాస్టారూ, మూడు నెలల్లో వందమందైనా మెయిల్ తెరవాలండీ. లేకపోతే మీ సెంటర్‌కి మా పేరు తీసేస్తారు."

పేరు పోతే పిల్లలు రారని మేడమ్ భయం. ప్రైవేటు బడిలో టీచరు పని మానుకుని ఆ బల్లలు వేయించింది. అందుకని నాకంటే ఎక్కువగా ఆమే ఆ గీతను చూసేది, జ్వరమొచ్చిన పిల్లను చూసినట్టు.

మొదటి తికమక మొదటి సోమవారమే వచ్చింది. నేను మూడువందల నలభై మంది పేర్లు ఎక్కిస్తే డాష్‌బోర్డు నూట ముప్ఫై మందినే చూపించింది.

"నువ్వే ఏదో నొక్కినవ్," అంది మేడమ్.

"నేనేం నొక్కలే మేడమ్."

"మరి రెండొందల మంది యాడికి పోయిండ్రు? అందరు కలిసి బొంబాయికి పనికి పోయిండ్రా?"

రెండోది మరీ విచిత్రం. మెయిల్ రెండువందల పన్నెండుసార్లు తెరిచారట. తెరిచిన మనుషులు మాత్రం ముప్ఫై ఎనిమిదట. ఏది లెక్కకొస్తుందని అడిగితే, చిన్నదేనంది ఆఫీసరమ్మ. ఎందుకని అడిగితే, సిస్టమ్ అంతేనంది. నేను రెండు రోజులు ఆ రెండంకెల మధ్యనే తిరిగాను. బడాయి మాటలు చెప్పడంలో నాకు ఈ తాలూకాలో పోటీ లేదు గానీ, నాకంటే బడాయి చెప్పే యంత్రాన్ని అప్పుడే చూశాను.

వెతగ్గా వెతగ్గా ఒక వరస దొరికింది. ఒకే అడ్రసు నుంచి మెయిల్ తొంభై రెండుసార్లు తెరిచారు. ఆ అడ్రసు కంగ్టి బస్టాపు దగ్గరి జిరాక్స్ షాపు భాయ్‌ది. పాత ఫారాలు తీసి చూస్తే సంగతి తెలిసింది. మెయిల్ గడి తప్పనిసరిగా నింపాలి. కంగ్టి, నాగల్‌గిద్ద పిల్లలకు మెయిల్ లేదు. స్కాలర్‌షిప్పు కాగితాలకు భాయ్ అడ్రసే రాస్తారు కనుక ఇక్కడా అదే రాశారు. మనూర్ పిల్లలు వాళ్ల ఊరి ఫొటో స్టూడియో అడ్రసు రాశారు. డాష్‌బోర్డు ఒక్కో అడ్రసును ఒక్కో మనిషిగా లెక్కవేసింది. నేను ఫారాలు తీసుకున్నప్పుడు చూడలేదు.

అయినా తొంభై రెండుసార్లెందుకు? కంగ్టి బస్సెక్కాను.

షాపులో భాయ్ ఒక తల్లికీ కూతురికీ మెయిల్ చదువుతున్నాడు. చదివాడు, మూశాడు. వాళ్లు లేచారు. వెనకున్న పిల్లవాడు ముందుకొచ్చాడు. భాయ్ మళ్లీ తెరిచి, మొదటి అక్షరం నుంచి చదివాడు. నాగల్‌గిద్ద ఆయనొస్తే కన్నడలో చదివాడు.

"భాయ్, ఒక్కసారి తెరిచి అందరికి చదవొచ్చు కదా," అన్నాను.

ఆయన నావైపు జాలిగా చూశాడు. "అరే మాస్టర్ సాబ్, ఎవరి ఖత్ వాళ్లకు తెరిచి సద్వాలె గద. ఒకరికి తెరిచింది ఇంకొకరికి సదివితే ఏమనుకుంటరు? ఎంగిలి పెట్టినట్టు గాదా?"

టీ తాగి వచ్చేశాను.

ఇదంతా ఆఫీసరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఈమెకే అంతకుముందు ఒకసారి, మెయిల్ ఆలస్యమైందేమిటంటే, మనూర్ దగ్గర బర్రె ట్రాన్స్‌ఫార్మర్‌కు వీపు గోక్కుంటే తాలూకా అంతా చీకటైందని చెప్పాను. పాపం, నమ్మి రిపోర్టులో కూడా రాసింది. ఇప్పుడు మాత్రం, "ఒకే మెయిల్ని ఒక మనిషి తొంభై రెండుసార్లు తెరుస్తాడా మాస్టారూ? ఏదైనా మెషిన్ పెట్టారా? కథలు చెప్పకండి," అంది.

సరే, నిజం చెల్లనప్పుడు చెల్లేదే చేద్దామని కూర్చుని పిల్లల పేర్ల మీద కొత్త అడ్రసులు సృష్టించాను. మెయిల్ పంపింది నేనే, తెరిచిందీ నేనే. గీత లేచింది. ఆఫీసరమ్మ ఫోన్ చేసి, "చూశారా, ఇప్పుడు నిజంగా పనిచేస్తున్నారు," అంది. కానీ కొత్త అడ్రసు చేసిన ప్రతిసారీ మెయిల్ కంపెనీ ఒక ఫోన్ నంబరడుగుతుంది. నాదైపోయింది, మేడమ్‌దైపోయింది, చుట్టుపక్కల దుకాణాలవాళ్లవీ అయిపోయాయి. లెక్క డెబ్బై దగ్గర ఆగిపోయింది.

మూడు నెలలు నిండాయి. హెడ్డాఫీసు మా జాబితాకు తానే ఆఖరి మెయిల్ పంపింది. నారాయణఖేడ్ కేంద్రానికీ తమకూ ఇక సంబంధం లేదని. నా పాస్‌వర్డు పనిచేయడం మానేసింది. ఆ మెయిల్ ఎందరు తెరిచారో నేను చూడలేదు.

రెండు రోజుల తర్వాత పొద్దున మేడమ్ నిచ్చెన వేయించి బోర్డు దింపిస్తోంది. కంగ్టి వైపు నుంచి ఒక జీపొచ్చి ఆగింది. అందులోంచి దిగినవాళ్లను లెక్కపెడితే ఇరవై దాకా వచ్చారు. జీపులో అంతమంది పడతారా అంటే పట్టారు, ఇది బడాయి కాదు. ఆ రోజు భాయ్ దగ్గర చూసిన తల్లీ కూతురూ అందులో ఉన్నారు.

"మూస్తుండ్రంట గద మేడమ్? భాయ్ సదివిండు," అంది తల్లి. "మా పిల్ల సర్టిఫికెట్ ఏంగావాలె?"

"మూసేది వాళ్లు, నేను గాదు. లోపలికి రాండ్రి." మేడమ్ తలుపు బార్లా తీసింది. "కని అమ్మా, ముందే చెప్తున్న. ఇగ సర్టిఫికెట్ మీద వాళ్ల పేరుండది. నా పేరుంటది."

ఆ తల్లి దింపిన బోర్డును చూసింది, మేడమ్‌ను చూసింది, నన్ను చూసింది.

"ఈడ సదువు జెప్పేది మీరే గద. మరి గిన్నొద్దులు ఎవరి పేరుండె?"

అది మాకూ అర్థం కాలేదు. కూతురు అప్పటికే లోపలికెళ్లి, లేచే ఆరు కంప్యూటర్లలో ఒకదాని ముందు కూర్చుంది.