గోడ లేని ఒడ్డుకి

హైదరాబాద్‌లో వారం రోజుల పని పడిందని ఆర్డరు వచ్చినప్పుడు మా కాకినాడ ఆఫీసులో నన్ను చూసి జాలిపడనివాళ్లు లేరు. "మే నెలలో అక్కడికా? పాపం సరళగారూ!" అన్నారు. నేనూ ముఖం దిగాలుగా పెట్టి తలూపాను. లోపల మాత్రం ఎగిరి గంతేయాలనుంది.

అప్పటికింకా రాష్ట్రం ఒకటిగానే ఉంది. తొంభైల్లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, నేను పాతబస్తీలో చాంద్రాయణగుట్ట దాటాక బార్కస్ దగ్గర ఓ పాలవాళ్ల ఇంట్లో మేడ మీద గది అద్దెకు తీసుకుని నాలుగేళ్లు ఉన్నాను. ఇంటావిడ పేరు యాదమ్మ. ఆమె భర్త మల్లేశ్. కింద గేదెల కొట్టం, దాని వెనక నాలా, వాననీళ్లు పోయే కాలవ. నాకు పెళ్లి కాలేదు, చేసుకోవాలనీ అనిపించలేదు. బదిలీ మీద కాకినాడ వచ్చాక సొంత ఫ్లాటు కొనుక్కున్నాను. గాలీ వెలుతురూ బ్రహ్మాండంగా ఉంటాయి. కానీ పొద్దున్నే కింద నుంచి "చెల్లే, చాయ్ సల్లారిపోతుంది" అని అరిచే మనిషి లేదు. రిటైరయ్యాక మళ్లీ ఆ గదికే వచ్చేస్తానని యాదమ్మకి మాటిచ్చాను. పండగకో పబ్బానికో ఫోన్ చేసినప్పుడల్లా ఆవిడా ఆ మాటే గుర్తు చేసేది. పదేళ్లు దాటినా ఒక్కసారీ వెళ్లలేకపోయాను.

సాయంత్రం రైలెక్కాను. స్లీపర్‌లో కింది బెర్తు దొరికింది. సామర్లకోటలో ఎక్కిన ఓ పెద్దాయన మామిడిపళ్ల బుట్ట నా కాళ్ల దగ్గర సర్దుకుంటూ, "ఏం పని మీదమ్మా?" అని అడిగారు.

"వాతావరణం మారిపోతోంది కదండీ. దానికోసం ప్రభుత్వం ఏం ఖర్చు పెడుతోందో లెక్క చూడ్డానికి."

ఆయన బుట్ట వదిలి నా వైపు తిరిగారు. "ఎండ తగ్గించడానికి డబ్బెవరికిస్తారండీ?" అన్నారు. నవ్వాపుకోలేకపోయాను. నిజానికి మేం వెళ్తున్నది సరిగ్గా ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికే. ఆయన రెండు పళ్లు నా చేతిలో పెట్టి పై బెర్తెక్కి పడుకున్నారు.

పొద్దున్న ఏడు దాటాక సికింద్రాబాద్‌లో దిగాను. మలక్‌పేటలో రేస్‌కోర్సుకి దగ్గర్లో ఓ లాడ్జిలో గది తీసుకున్నాను. మాకిచ్చే భత్యంలో అంతకన్నా మంచిది రాదు. ఫ్యాను శబ్దమే తప్ప గాలి ఇవ్వదు, కానీ పక్కనే ఇడ్లీ కొట్టు ఉంది, బస్టాపూ దగ్గరే. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు ధైర్యంగా దిగొచ్చు.

ఇక పని సంగతి. జిల్లాల నుంచి వచ్చిన అకౌంట్సు వాళ్లం అయిదుగురం. మా పెద్ద రఘురాంగారు, ఎంత కోపమొచ్చినా గొంతు పెంచని మనిషి. వానలు గతి తప్పుతున్నాయి, ఎండలు ముదురుతున్నాయి. దీన్ని తట్టుకోవడానికని విడిగా ఒక పద్దు బడ్జెట్‌లో ఎక్కడా లేదు. చెట్లు నాటే డబ్బు ఒక శాఖలో, చెరువు గట్ల డబ్బు ఇంకో శాఖలో, వరద గోడల డబ్బు రోడ్ల పద్దులో దాక్కుని ఉంటాయి. వాటిని వెతికి పట్టుకుని, ఇది వాతావరణం కోసం పెట్టిన ఖర్చేనా, అయితే ఎంత భాగం, అనుకున్న పని అయిందా అని ఒక్కో వరసకీ గుర్తు పెట్టాలి. పూర్తి, సగం, లేదు. ఈ గుర్తుల్ని బట్టే వచ్చే ఏటి ప్రణాళిక తయారవుతుంది. 'పూర్తి' అని పడ్డ పనికి మళ్లీ డబ్బు అడగడానికి వీల్లేదు.

శనివారం మధ్యాహ్నం, కళ్లు మూతలు పడుతున్న వేళ, ఓ వరస నన్ను కుదిపి లేపింది. మా యాదమ్మ ఇంటి వెనక నాలా! 'వరద రక్షణ గోడ, పని పూర్తి.' ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నేనున్నప్పుడు ప్రతి వానాకాలం ఆ నీళ్లు కొట్టం గుమ్మందాకా వచ్చేవి. ఇకమీదట రావు. నా గది కూడా భద్రం. 'పూర్తి' అని గుర్తు పెట్టేశాను. మర్నాడు ఆదివారం, సెలవు.

మలక్‌పేటలో ఎనిమిదింటికి ఆటో ఎక్కాను. డ్రైవర్ ఖాదర్ భాయ్ బార్కస్ వాడే. మీటరు వేయమంటే, "మీటర్ ఖరాబ్ ఉంది మేడమ్, నియ్యత్ ఖరాబ్ లేదు, ఫికర్ చేయకు" అన్నాడు. మీటరు చెడింది గానీ మనసు చెడలేదట. సంతోష్‌నగర్ మీదుగా చాంద్రాయణగుట్టకి వచ్చేసరికి నాకు దారి తెలియలేదు. నేనెరిగిన చౌరస్తా మీద కొత్త ఫ్లైఓవర్ నిలబడి ఉంది. దాని కింద బస్సులు, టైర్ల షాపులు, ఎటు చూసినా కొత్త ఇళ్లు. "మస్తు పెరిగింది మేడమ్. నాకే ఒక్కోసారి గల్లీ తెల్వదు" అన్నాడు ఖాదర్ భాయ్. బార్కస్ వచ్చాక గళ్ల లుంగీల్లో చాయ్ తాగుతున్న పెద్దవాళ్లని చూసి ప్రాణం లేచొచ్చింది. అక్కడ మాత్రం ఏమీ మారలేదు. బార్కస్ జామకాయలకి పేరు. అప్పుడు వాటి కాలం కాదు గానీ, మీరు చలికాలంలో వెళ్తే తప్పక కొనుక్కోండి.

యాదమ్మ గుమ్మంలో తవుడు కలుపుతోంది. నన్ను చూసి చేతులు తుడుచుకోకుండానే వాటేసుకుంది.

"గిన్నేండ్లకు యాదికొచ్చిన్నా చెల్లే? గింత సన్నగైనవేంది, తింటలేవా?"

"తినిపించేవాళ్లేరీ అక్కా?" అన్నాను. ఇద్దరం ఏడ్చాం, ఆ వెంటనే నవ్వాం.

చాయ్ తాగి, "పద, గోడ చూపించు" అన్నాను. కొట్టం వెనక్కి తీసుకెళ్లింది. గోడ ఉంది. ఎత్తుగా, నున్నగా, ఎవరూ వంక పెట్టడానికి వీల్లేకుండా ఉంది. కాకపోతే నాలాకి అవతలి ఒడ్డున ఉంది. ఇవతల, యాదమ్మ కొట్టం దగ్గర, పాత మట్టికట్టే. అదీ సగం కోసుకుపోయింది.

మల్లేశ్ పలుపు పేనుతూ చెప్పాడు. "ఆ ఒడ్డు సర్కారు జాగ, లొల్లి లేదు, కట్టిన్రు. గీ దిక్కు ఇండ్లున్నయ్, జాగలు కొలవాలె, వచ్చే సాల్ కడ్తమన్నడు ఇంజనీర్ సాబ్. సాల్ వొయింది, సాబ్ గూడ వొయిండు."

నాకు అర్థమైంది. మార్చి నెలాఖరులోపు డబ్బు ఖర్చు కాకపోతే వెనక్కి పోతుంది. అందుకని సులువుగా ఉన్న ఒడ్డున కట్టేశారు. బడ్జెట్‌లో వరస ఒక్కటే కాబట్టి, డబ్బయిపోగానే పని పూర్తి అని రాసేశారు. ఒకప్పుడు రెండు పక్కలా పరుచుకునే నీళ్లన్నీ ఇప్పుడు ఆ గోడకి కొట్టుకుని ఇటే మళ్లుతున్నాయి. కిందటి వానల్లో యాదమ్మ దూడ ఒకటి కొట్టుకుపోయింది.

"అమ్ముకోని పోదామంటున్నడు మీ బావ," అంది యాదమ్మ. "తుక్కుగూడ దిక్కు జాగుంది, బర్రెలకు గడ్డి గూడ దొరుకుతది. కానీ గీ నీళ్ల ఇల్లు ఎవడు కొంటడు? గోడ లేదు, కొనేటోడు గూడ లేడు."

"అమ్మొద్దు అక్కా. గోడ సంగతి నేను చూస్తా" అన్నాను. ఆ మాట యాదమ్మ కోసం ఎంత అన్నానో, నా గది కోసం అంతకన్నా ఎక్కువే అన్నాను. మెట్లెక్కి ఆ గది చూశాను. తవుడు బస్తాలు పెట్టుకున్నారు. కిటికీ తీస్తే అదే గాలి, అదే పేడ వాసన, దూరంగా అదే అజాన్. అక్కడే ఉండిపోవాలనిపించింది.

సోమవారం పొద్దున్నే రఘురాంగారి ముందు కూచున్నాను. "పూర్తి కాదండీ, సగం. గుర్తు మార్చాలి" అన్నాను.

"పనైపోయిందని సంతకం ఉందమ్మా."

"సంతకానికి ఒడ్డు లేదండీ. నాలాకి రెండున్నాయి. మీరొకసారి వచ్చి చూడండి."

ఆయన నా ముఖంలోకి చూసి, లేచి కారు తెప్పించారు. యాదమ్మ కొట్టం వెనక చాలాసేపు నిలబడ్డారు. ఆ వీధి చివరి కట్టెల అడితీ ఆయన, అటుపక్క ఇళ్లవాళ్లు చుట్టూ చేరారు. తిరిగొచ్చేటప్పుడు కార్లో ఒకే మాట అన్నారు. "మనం డబ్బు వెంట వెళ్తున్నాం సరళా, నీళ్ల వెంట వెళ్లట్లేదు."

ఆ తర్వాత పని చకచకా సాగింది. ఆ శాఖ వాళ్లని పిలిపించారు. కొత్త ఇంజనీరు కుర్చీ అంచున కూచుని, "సార్, అడగడానికి మాకు వరసే లేదు" అన్నాడు, బరువు దిగినవాడిలా. 'పూర్తి' కొట్టేసి 'సగం' పెట్టాం. ఇవతలి ఒడ్డు గోడ వచ్చే ఏటి ప్రణాళికలోనే కొత్త వరసగా చేరింది, డబ్బుతో సహా. అలాంటి 'పూర్తి' గుర్తులు ఇంకెన్ని ఉన్నాయోనని మిగతావీ వెళ్లి చూసిరమ్మని మా వాళ్లని పంపించారు. ఉద్యోగంలో అంత తృప్తిగా నిద్రపోయిన రోజు నాకు ఇంకోటి గుర్తులేదు. యాదమ్మకి ఫోన్ చేసి చెప్తే, "నా బంగారమే!" అని అరిచింది.

బుధవారం సాయంత్రం తిరుగు ప్రయాణం. సికింద్రాబాద్ స్టేషన్‌కి ముందుగానే చేరుకున్నాను. ప్లాట్‌ఫారం మీద యాదమ్మ స్టీలు డబ్బా పట్టుకుని నా కోసం వెతుకుతోంది. పెద్ద బర్రె ఈనిందట, జున్ను వండి తెచ్చింది.

"నీకొక మంచి మాట చెప్పాలె చెల్లే," అంది, నా పక్కన బల్ల మీద కూచుని. "గోడకు పైసలొచ్చినయని గల్లీల తెలిసింది గదా. అడితాయన నిన్న పొద్దుగాల వచ్చిండు. మంచి ధర వెట్టిండు. మీ బావ మాట ఇచ్చేసిండు. వానల ముందే పోతం."

నేను జున్ను డబ్బా ఒళ్లోకి తీసుకున్నాను.

"అంత నీ దయనే. మీ బావ నీకు దండం వెడ్తనన్నడు. లేకుంటే గా ఇల్లు ఎవడు ముట్టుకునేటోడు? దూడలు గూడ బతుకుతయ్ ఇగ." నా చెయ్యి పట్టుకుంది. "నీ గది యాదికొస్తుందా? ఆడ గూడ ఒకటి ఏస్తం తియ్, రేకులదైనా సరే. నువ్వు రావాలె."

"వస్తా అక్కా" అన్నాను. మంచి జరిగింది, కాదనను. ఆమె ముఖంలో అంత నిశ్చింత నేను ఎప్పుడూ చూడలేదు. అది నా చేతుల మీదుగానే వచ్చింది. అయినా రైలు కదిలి ఆవిడ వెనకబడిపోయాక, ఏదో సొమ్ము పోగొట్టుకున్నట్టు చేతులు ఖాళీగా అనిపించాయి. తుక్కుగూడలో రేకుల గది వేస్తారు, నేను వెళ్తాను కూడా. కానీ నేను పదేళ్లుగా వెళ్లాలనుకుంటున్నది అక్కడికి కాదు.

మీరు ప్రభుత్వ ఖర్చులు చూసే పనిలో ఉంటే, ఎండైనా వానైనా లాడ్జిలో కూచోకుండా వెళ్లి చూడండని చెప్తాను. నేను వెళ్లకపోతే ఆ ఒడ్డుకి గోడ వచ్చేది కాదు.

కాజీపేట దాటాక ఆకలేసి డబ్బా తీశాను. ఎదుటి బెర్తు అమ్మాయి కాస్త చేతిలో పెడితే తిని, "అబ్బ, ఎంత బావుందండీ! ఎక్కడ కొన్నారు?" అని అడిగింది.

"కొనలేదమ్మా," అన్నాను. "మా ఇంట్లో చేశారు." ఆ మాట నా నోట్లోంచి వచ్చాక ఇక ఆ పిల్ల ముందు ఏడుపు దాచుకోలేకపోయాను.