కుడివైపు కుర్చీ

పెద్ద కెప్టెన్ ఇంటికి తాళం వేసేటప్పుడు కూడా విమానంలో చెక్‌లిస్టు చదివినట్టే ఒక్కొక్కటీ పైకి అడుగుతాడు. "గ్యాస్?" అని ఆగి, కుడివైపుకు చెవి ఒగ్గి, తల ఊపి, ఆ తర్వాతే "కిటికీలు?" అంటాడు. అడిగినవాడే జవాబు చెప్పకూడదన్నది వాళ్ల పనిలో నియమం. కుడివైపు కుర్చీలో కూర్చుని ఆ జవాబులు చెప్పే కో-పైలట్‌ను మూడేళ్ల క్రితం కంపెనీ ఉద్యోగం తీసేసి ఇంటికి పంపేసింది. దిగులుతో ఆర్నెల్లకే పోయాడు. అందరూ జీతాల కోతకు ఒప్పుకుంటే అతని ఉద్యోగం నిలిచేదే; అప్పుడు యూనియన్‌లో ఒప్పుకోనివాళ్లలో కెప్టెన్ కూడా ఉన్నాడు.

ఈసారి ఆరుగురి వంతు వచ్చింది. పైలట్లంతా కెప్టెన్ ఇంటి హాల్లో చేరారు. ఆయన కుడివైపు కుర్చీలో మాత్రం ఎవరూ కూర్చోలేదు. "మన కడుపు మాడ్చుకుని ఎవరినో సాకాలా అన్నా?" అన్నాడు ఒక లావుపాటి పైలట్. "నీ కడుపు మాడటానికి ఏడాది పడుతుందిలే మరిదీ," అంది కెప్టెన్ భార్య టీ ఇస్తూ. నవ్వులయ్యాక కెప్టెన్ కాగితం తీసి, "కోతకు ఒప్పుకుంటున్నామా?" అని చదివి, అలవాటుగా కుడివైపు తిరిగి ఆగాడు. ఎంతసేపటికీ తల ఊపలేదు. "వాడు ఇవాళ పలకడం లేదు," అన్నాడు మెల్లగా. చివరికి ఆ లావుపాటాయనే లేచి వచ్చి ఆ కుర్చీలో కూర్చుని, "ఒప్పుకుంటున్నాం," అన్నాడు. గొంతు మాత్రం అతనిదిలా లేదు. కెప్టెన్ తల ఊపాడు.