బాషా చెవి

పదకొండేళ్లు కోళ్లు గుడ్లు పొదిగిన పాత అంబాసిడర్ కారును ఇంటి ముందే విప్పి, బిగించి, దాచేపల్లి నుంచి గుంటూరు దాకా ఆగకుండా నడిపించడం మొహిద్దీన్ బాషా మొదటి గెలుపు. ఆ తర్వాత ఎన్ని బండ్లకు ప్రాణం పోశాడో ఇప్పటికీ వేళ్లు మడిచి చెబుతాడు. అతని తీరు ఒక్కటే. స్క్రూడ్రైవర్ మొనను నడుస్తున్న ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని జబ్బు చెప్పేస్తాడు. లారీ మెకానిక్కులకు కూడా ఆ చెవి మాటే ఆఖరి మాట.

2003 జనవరిలో అదే అంబాసిడర్‌కు పెట్రోలు ఇంజను తీసేసి డీజిలుది ఎక్కించాడు. స్టార్ట్ చేసి, పిడి చెవికి పెట్టుకుని మురిసిపోయాడు.

"చూశావా కరీమున్, డీజిలు బండంటే ఎవరైనా నమ్ముతారా? పిల్లి నడిచినట్టుంది!"

వంటింట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది. "పిల్లేంటండీ! లోపల ఎవరో సుత్తి పెట్టి కొడుతుంటేనూ! ముందు ఆపండి!"

అతను పిడిని రెండో చెవికి మార్చుకున్నాడు. మళ్లీ మొదటి చెవికి. తర్వాత ఇంజను ఆపి, స్క్రూడ్రైవర్‌ను చొక్కాకు తుడిచాడు.

"ఏడాదిగా పిలిస్తే పలకరేంటా, బండి ధ్యాసలో ఉన్నారనుకున్నా," అంది కరీమున్ మెల్లగా. అదీ అతనికి వినపడలేదు.

చెవి ఆపరేషనుకు గుంటూరు వెళ్తూ, "నేనొచ్చి విన్నాకే ఎవరైనా దాని మీద చెయ్యి వెయ్యాలి," అని చెప్పిపోయాడు. బండి వాకిట్లో పట్టా కింద ఉంది. డాక్టరు చెప్పిన ప్రకారం బాషా ఫిబ్రవరి ఇరవై ఒకటి, శుక్రవారం తిరిగొస్తాడు.