మనుమరాలి షీల్డును హర్రాజు పాడిన

మా మనుమరాలు రూతుకు కాలేజీల ప్రైజొచ్చింది. గా ప్రైజును నేను హర్రాజు పాడి ఐదు వేలకు దక్కించుకున్న. నవ్వకుండ్రి! ముందుగాల మొత్తం ఇనుండ్రి, అటెన్క మీ ఇష్టం.

రూతు పెద్దపల్లి దిక్కు సర్కారు డిగ్రీ కాలేజీల బీఎస్సీ ఆఖరు సంవత్సరం. మా ఇంట్ల డిగ్రీ దాక పోయింది గీ పిల్లొక్కతే. నాది మూడో తరగతి. అచ్చరాలు కూడవలుక్కొని చదువుత, నా పేరు తప్పులేకుంట రాస్త, గంతే. పోయిన వారం ఒక సాయంత్రం కాలేజీ అయినంక ఇంటికొచ్చి, "తాతా, గీసారి ఉత్తమ విద్యార్థి నేనే. సభకు నువ్వు రావాలె" అన్నది. నా ఛాతీ వడ్ల గుమ్మి లెక్క ఉబ్బింది.

"గని ఒక షరతు. యాకోబు తాత గుడ వస్తుండు. ఆయన మనుమరాలు ఎస్తేరు సెకండియర్ల ఉన్నది గద! ఆయనతోటి లొల్లి పెట్టుకోవద్దు. అసలు నోరే తెరవద్దు."

"నేను లొల్లి పెట్టుకునే మనిషినానే?"

"గుమ్మడికాయ యాది చేసుకో."

యాది చేసుకునుడేంది, మర్సిపోతే గద! మూడేండ్ల కింద మా చర్చిల కోత పండుగ. గా దినం ఎవలి పంట వాళ్లు తెచ్చి దేవుని ముంగట పెడుతం. వడ్లు, కోళ్లు, కాయలు. ఆరాధన అయినంక పాస్టరుగారు ఒక్కొక్కటి రెండు చేతులతోటి మీదికి లేపి, ఇటు తిప్పి అటు తిప్పి సూపెట్టి ధర చెప్తడు. ఇగ హర్రాజు. కావాల్సినోళ్లు చెయ్యి లేపి పాట పెంచాలె, వచ్చిన పైసలు చర్చికి. చేతులు కట్టుకొని కూసున్నోన్ని పిసినారి అంటరు. గా ఏడు మా ఇంటామె పెంచిన గుమ్మడికాయను నేనే పాడుకుందామనుకున్న. యాకోబు నా మీద పాడి ఎత్తుకపోయిండు. పోతే పోయిండు, కూరన్న వండుకున్నడా? బర్రెకేసిండు! గప్పటిసంది వాని ఇంట్ల చాయ ముట్టలే.

సరే, నోరు తెరవనని రూతుకు మాటిచ్చిన.

సభ పదింటికన్నరు. నేను తొమ్మిదిన్నరకే ఇస్త్రీ అంగీ తొడుక్కొని పోయి రెండో వరుసల కూసున్న. కుర్సీలు వంకర టింకర ఉంటే నేనే లేసి సక్కగ జరిపిన. గీ పని గుడ మనమే చెయ్యాల్నా? స్టేజీ మీది బ్యానరు చదువుడు మొదలుపెట్టిన. సగం అయ్యేసరికే అతిథులొచ్చి దానికి అడ్డం కూసున్నరు. యాకోబు అవుతలి పక్క ఉన్నడు. వాడు నన్ను చూసిండు, నేను వాన్ని చూసిన, ఇద్దరం మీదున్న ఫ్యాను దిక్కు చూసినం.

ఇగ స్పీచులు! ఒకాయన దిగితే ఇంకొకాయన. విద్యార్థులే దేశానికి వెన్నెముక అని నలుగురు చెప్పిండ్రు. నా వెన్నెముక అయితే గా కుర్సీల ఎప్పుడో వంగిపోయింది. ఎప్పుడు కన్నంటుకున్నదో తెల్వది.

ఉలిక్కిపడి లేసేసరికి స్టేజీ మీద ఒక సారు. తళతళ మెరిసే షీల్డును రెండు చేతులతోటి మీదికి లేపిండు. ఇటు తిప్పిండు. అటు తిప్పిండు. మైకు మోగింది, "వెయ్యి నూట పదహార్లు!"

హాలంత చేతులు లేసినయ్! ముంగటోళ్లయి, ఎన్కటోళ్లయి, పోరగాండ్లయి. నిద్రకండ్లతోటి యాకోబు దిక్కు చూసిన. వాని చెయ్యి గుడ మీదనే ఉన్నది! షీల్డు పక్కన మా రూతు నిలబడ్డది. గీడు దీన్ని గుడ ఎత్తుకపోయి బర్రెకేస్తడా?

"రెండు వేలు!" లేసి ఒర్రిన.

పక్కోడు నా అంగీ గుంజుతుండు. గప్పుడన్న యాకోబు "కూసోరా" అనొచ్చు గద? అనలే. ఎన్నేండ్ల అలవాటు! వాడు గుడ లేసిండు.

"రెండున్నర!"

"మూడు!"

"మూడున్నర!"

"ఐదు! ఇగ పాడురా సూద్దాం!"

గప్పుడు కనిపించింది నాకు. యాకోబు చేతిల ఫోనున్నది. అందరి చేతులల్ల ఫోన్లే, ఫోటోలు దింపుతున్నరు! వెయ్యి నూట పదహార్లంటే ఎవరో రిటైరయిన సారు రూతుకిచ్చే బహుమానం. స్టేజీ మీద పిల్ల సారు చేతుల షీల్డును గుంజుకొని మొఖానికి అడ్డం పెట్టుకున్నది.

మూడేండ్లు బస్సులల్ల నిలబడి పోయి చదివిన పిల్ల. దాని ఒక్క దినాన్ని నేను మూడు మాటలతోటి మట్టిల కలిపిన. షీల్డు దించకుంటనే రూతు పక్కకు వంగి ప్రిన్సిపాల్ మేడం చెవుల ఏదో చెప్పింది. నన్ను బయటికి పంపియ్యమన్నదేమో అనుకున్న.

మేడం మైకు అందుకున్నది. "రూతు వాళ్ల తాతగారు లాజరు గారు వచ్చే ఏడాది నుంచి మన ఉత్తమ విద్యార్థికి ఐదు వేల రూపాయల బహుమతి ప్రకటించారు! ప్రతి ఏటా ఇస్తారు! చప్పట్లు!"

ప్రతి ఏటా అని నేనెప్పుడన్న? అడుగుదామంటే నోరు తెరవనని మాటిచ్చిన గద! స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పిండ్రు. రూతు షీల్డు దించింది. కండ్లల్ల నీళ్లు. ఏడుస్తుందనుకున్న, నవ్వు ఆపుకోలేక! షీల్డు నా చేతికిస్తే ఏలుతోటి కొట్టి చూసిన. ప్లాస్టిక్. గీదానికా ఐదు వేలు!

హాల్ల అందరికన్న గట్టిగ చప్పట్లు కొట్టింది యాకోబు. గది నాకు మంచిగనిపియ్యలే. రూతు దోస్తు దగ్గర అడిగి తెచ్చిన స్కూటీ మీద ఇంటికొస్తుంటే అడిగిన.

"వాడు గంత ఖుషీగ ఎందుకున్నడే?"

"ఎందుకుండడు? ఎస్తేరు క్లాసుకే ఫస్టు. వచ్చే ఏడు నీ ప్రైజు ఆమెకే. నీ చేతులతోటే ఇప్పిస్తరు."

"గట్లెట్లయితది! ఇంకో మంచి పిల్లను చూడు. నువ్వే చదువు చెప్పి ఎస్తేరును దాటియ్యాలె!"

"నాకు టైమేది తాతా? రోజు సాయంత్రం ఫోన్ల ఒక పిల్లకు లెక్కలు చెప్తున్న గద."

"గా పిల్లనే తయారు చెయ్! ఎవల పిల్ల?"

రూతు స్కూటీ స్లో చేసింది. "ఎస్తేరే తాతా."

రోజు సాయంత్రం పక్క మంచంల కూసొని, "సగం సగం చెప్పకు బిడ్డా, పాపం గా పిల్లకు అర్థమయ్యేదాక చెప్పు!" అని ఒర్రింది ఎవలనుకున్నరు? నేనే!