వాలెట్టాలో బేకరీ

మా ఆయన ఓడల్లో ఫిట్టర్. ఒకసారి మాల్టా రాజధాని వాలెట్టా రేవులో వాళ్ల ఓడ రిపేరుకని ఎనిమిది నెలలు ఆగిపోయింది. కంచరపాలెంలో ఉన్న నాకు రోజూ ఫోన్ చేసి, ఆ ఊరంతా మాటల్లోనే తిప్పేవారు.

"నువ్వొచ్చినప్పుడు మెట్లెక్కకు, మోకాళ్లు పోతాయి. కోటగోడ పక్కన లిఫ్టుంది. పైన తోట, దాని కింద ఫిరంగులుంటాయి. మజ్జాన్నం పన్నెండుకి ఒకటి పేలుస్తారు, బయపడకు. పడవలకి కళ్లు గీస్తారిక్కడ. సర్చి గుమ్మటం కింద సందులో, ఆకుపచ్చ బాల్కనీ పక్కన బేకరీ. పొద్దున్నే జనం బారులు తీరతారు. నాను తీసుకెళ్తాను నిన్ను."

ఆ ఊళ్లో పుట్టినవాడిలా చెప్పేవారు. ఎప్పటికైనా వెళ్తాం కదా అని అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను.

కిందటేడు గుండెపోటుతో ఆయన పోయారు. జ్ఞాపకార్థ కూడికకి, ఆయనతో ఆ ఓడలో పనిచేసినతను పెందుర్తి నుంచి వచ్చాడు. కాస్త గొప్పగానే ఆ నోటుబుక్కు చూపించాను. అతను పేజీలన్నీ తిప్పి, తలెత్తకుండా చెప్పాడు.

"మమ్మల్ని ఓడ దిగనివ్వలేదక్కా. పాసులు రాలేదు. బావ డెక్ మీద నుంచి బైనాక్యులర్ పెట్టుకుని సూసీవోడు."

ముందు కోపమొచ్చింది, అన్నాళ్లూ నన్ను వెర్రిదాన్ని చేశారని. అతను వెళ్లాక మళ్లీ మొదటినుంచీ చదివాను. అందులో ఉన్నవన్నీ దూరం నుంచి కనిపించేవీ, వినిపించేవీ. బేకరీలో ఏం దొరుకుతుందో, దాని రుచేమిటో ఒక్క ముక్క లేదు.

"తిన్నారా" అని రోజూ అడిగాను. ఏం తిన్నారని ఒక్కరోజూ అడగలేదు.