డెల్మర్ తేలిక చేసిన కంప్యూటర్

గనిలో ముప్పై ఏళ్ళు కరెంటు పని చేసినవాడు డెల్మర్ స్టిల్ట్‌నర్. నాలుగడుగుల ఎత్తు కూడా లేని బొగ్గు పొరలో మోకాళ్ళ మీద పాకేవాడికి నడుముకు కట్టుకున్న ప్రతి పనిముట్టూ బరువే. అక్కర్లేనిది పైనే వదిలెయ్యాలన్నది అతనికి ఒంటబట్టిన బుద్ధి. గని మూతపడ్డాక ఆ బుద్ధిని కంప్యూటర్ల మీద చూపించాడు. పాతవాటిని చర్చి కింది గదిలో పెట్టుకుని, బరువైన సాఫ్ట్‌వేర్ పీకేసి, దాని బదులు కంప్యూటర్‌ని నడిపే, ఉచితంగా దొరికే తేలికైన లినక్స్ వేసి, లోయలో అడిగినవాళ్ళకల్లా ఊరికే ఇచ్చేవాడు. యంత్రం ముసలిదవలేదు, దాని నెత్తిన బస్తాలు మోపారు అనేవాడు. మంచివాడే. కానీ ఆ పనితనం మీద గర్వం ఉంది చూశారూ, అదే కొంప ముంచింది.

అదే చర్చికి వచ్చే ఒనీడా క్యాంట్రెల్ పదమూడేళ్ళ నాటి ల్యాప్‌టాప్ తెచ్చింది. ఆమె భర్త బర్ల్, డెల్మర్‌తో గనిలోకి దిగినవాడే. బొగ్గు దుమ్ముకి ఊపిరితిత్తులు పోయి ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీద బతుకుతున్నాడు. ఆ మిషన్ ఉండాలంటే ఆరు నెలలకోసారి ఇన్సూరెన్స్ కంపెనీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పంపాలి.

మెమరీ రెండు జీబీలే. డెల్మర్ మూడు రకాల లినక్స్ వేసి చూశాడు. చూడ్డానికి బాగున్నది సగం మెమరీ మింగేసింది. రెండోది ఫర్వాలేదు. అతను అన్నిటికన్నా బక్కదాన్ని ఎంచుకున్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. బ్రౌజర్‌లో పేజీల వెనక నడిచే చిన్న ప్రోగ్రాములు, అవే స్క్రిప్టులు, అన్నీ కూడా ఆపేశాడు. వాతావరణం పేజీ, చావుకబుర్ల పేజీ తెరిచి చూస్తే రెప్పపాటులో వచ్చాయి.

"మధ్యలో లేచే చిన్న పెట్టెలన్నీ మూసేశాను సిస్టర్. ఒక్కసారి నొక్కు, అయిపోయినట్టే" అన్నాడు.

ఆమె దరఖాస్తు నింపి ఒక్కసారే నొక్కింది. పేజీ మిణుక్కుమని మళ్ళీ ఖాళీగా వచ్చింది. అయిపోయిందనుకుంది. దరఖాస్తును పంపే స్క్రిప్టూ, పంపమంటారా అని అడిగే పెట్టే, రెండూ డెల్మర్ బరువని దించేసిన వాటిలోనే ఉన్నాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, ఇక్కడ ఊడింది ఊపిరి.

నెల తిరగ్గానే కంపెనీ వ్యాన్ వచ్చి మిషన్ పట్టుకుపోయింది. ఒనీడా తొమ్మిది రోజులు ఫోన్లో పోరాడితే తిరిగిస్తామన్నారు. బర్ల్ ఆరో రోజునే పోయాడు.

పాతిపెట్టిన వారానికి ఆమె డెల్మర్‌ను పిలిచి, తనెక్కడ తప్పు నొక్కిందో చూడమంది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని స్క్రిప్టుల్ని మళ్ళీ నడవనిచ్చి నొక్కాడు. పెట్టె లేచింది: పంపమంటారా? డెల్మర్ మూసేసిన పెట్టెల్లో ఇదొకటి. కంపెనీ సైటే పాడైందంటే ఆమె నమ్మేస్తుంది. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా.

"నువ్వు సరిగ్గానే నొక్కావు సిస్టర్. పోకుండా ఆపింది నేను" అన్నాడు.



"ఇన్ని రోజులూ నేనే చంపుకున్నాననుకున్నాను" అంది. తర్వాత అడిగింది, "ఇలాంటివి ఇంకెంతమందికి ఇచ్చావు?"

ఇరవై మూడిళ్ళకని చెప్పి, డెల్మర్ ముఖం కప్పుకున్నాడు. ఆ ఇళ్ళల్లో సగం గనివాళ్ళవే.

"మరి ఇక్కడ కూర్చుని ఏడుస్తావేంటి బ్రదర్?" అంది ఒనీడా. "లే."